రెండుసార్లు వెండి... ఎనిమిదేళ్లకు పసిడి

ఎత్తు నాలుగడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. పోటీ చేసే తరగతి 48 కిలోలు. అంటే యాభై కిలోల బియ్యం బస్తా కన్నా రెండు కిలోలు తక్కువే! అటువంటి మనిషి ప్రపంచ జూడో పోటీల్లో ఏడుసార్లు విజేతగా నిలిచింది. అయిదు ఒలింపిక్స్‌కు వెళ్లి అయిదింటిలోనూ పతకంతో తిరిగి వచ్చింది. ఆమె జపాన్‌కు చెందిన ర్యోకో తమూరా. పెళ్లయిన తర్వాత ర్యోకో తానీ.

గెలుపుల లెక్క ఘనమైనదే. కానీ ఆమె జీవితంలో ముందుగా చెప్పుకోవలసింది ఓటముల సంగతి. గెలుస్తుందని దేశమంతా నమ్మిన రోజున ఓడి, మళ్లీ అదే బరిలోకి దిగిన మనిషి ఆమె.

కుస్తీకి దగ్గరి చుట్టం

జూడో అనగానే చాలామందికి కరాటే గుర్తుకు వస్తుంది. కానీ ఇందులో గుద్దడాలు, తన్నడాలు ఉండవు. ఇది మన కుస్తీకే దగ్గరి చుట్టం. కుస్తీలో ఒంటిని పడతారు. జూడోలో ఎదుటివారు తొడుక్కున్న దళసరి నూలు చొక్కాను పడతారు. మెడపట్టీ, చెయ్యీ దొరకబుచ్చుకుని, అదను చూసి, తూలేటట్టు చేసి విసిరేయాలి. వీపు నేలకు తగిలేలా వేగంగా, బలంగా పడవేస్తే ఆట అక్కడితో సరి. దీనినే ‘ఇప్పోన్’ అంటారు. నేలమీద నిర్ణీత సమయం కదలకుండా అదిమిపట్టినా గెలుపే.

జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు 1882లో టోక్యోలో ఈ విద్యను నెలకొల్పాడు. ఎదుటివారి బలాన్ని వారి మీదికే తిప్పడం ఇందులోని కిటుకు. తమూరాకు పొట్టితనమే ఆస్తి అయింది. ప్రత్యర్థి కిందికి చటుక్కున దూరి, వీపు మీదికి ఎత్తుకుని అవతలికి విసిరేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి.

మగవారి జూడో 1964 టోక్యో ఒలింపిక్స్‌లోనే ప్రవేశించింది. ఆడవారి జూడోకు 1988లో సియోల్‌లో ప్రదర్శన పోటీగా మాత్రమే చోటు దక్కింది. పూర్తిస్థాయి పతకాల పోటీ 1992లో బార్సిలోనాలో గానీ మొదలు కాలేదు. తమూరా సరిగ్గా ఆ సమయానికే ఎదిగి వచ్చింది.

పదిహేనేళ్ల పిల్ల

ఆమె 1975 సెప్టెంబరు 6న ఫుకువోకాలో పుట్టింది. అన్న వెంట జూడో శాలకు వెళ్లి, చిన్ననాడే ఆట పట్టుకుంది. 1990లో సొంత ఊళ్లో జరిగిన అంతర్జాతీయ మహిళల పోటీలో, అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన బ్రిటన్ క్రీడాకారిణి కారెన్ బ్రిగ్స్‌ను ఓడించింది. అప్పటికి ఆమె వయసు పదిహేను.

అప్పట్లో జపాన్‌లో ‘యవారా!’ అనే బొమ్మల కథ వారపత్రికలో వస్తుండేది. అందులో నాయిక జూడో ఆడే చిన్నపిల్ల. కథలో అమ్మాయే నిజంగా బరిలోకి దిగినట్లుందని జనం ముచ్చటపడి తమూరాను ‘యవారా చాన్’ అని పిలవడం మొదలుపెట్టారు. ‘చాన్’ అంటే అక్కడ పిల్లలను ముద్దుగా పిలిచే మాట.

బార్సిలోనాలో పదహారేళ్ల వయసులో ఆమె ఫైనల్‌కు చేరింది. ఫ్రాన్స్‌కు చెందిన సెసిల్ నొవాక్ చేతిలో ఓడి రజత పతకంతో సరిపెట్టుకుంది. ఆ తర్వాత నాలుగేళ్ల పాటు ఆమెకు ఎదురు లేదు. 1993లోనూ, 1995లోనూ ప్రపంచ విజేత. వరుసగా 84 పోటీల్లో గెలుపు.

1996లో అట్లాంటా ఫైనల్. ఎదుట నిలిచింది ఉత్తర కొరియా నుంచి వచ్చిన, పెద్దగా ఎవరికీ తెలియని కె సున్ హుయి. వయసు పదహారేళ్లు. ఆ పిల్ల తమూరాను ఓడించింది. నాలుగేళ్ల కిందట ప్రపంచాన్ని నివ్వెరపరచిన పదహారేళ్ల పిల్ల తమూరాయే. ఇప్పుడు ఆమెకే ఆ అనుభవం ఎదురైంది. మళ్లీ వెండి పతకమే.

అయినా ఆమె ఆట మానలేదు. 1997లో, 1999లో మళ్లీ ప్రపంచ విజేత అయింది. 2000లో సిడ్నీకి వెళ్లేముందు, బాగా ఆడితే స్వర్ణం, బాగా ఆడకపోయినా స్వర్ణమేనని ప్రకటించింది. ఫైనల్లో రష్యాకు చెందిన ల్యుబోవ్ బ్రులెతోవాను నిమిషమైనా గడవకముందే ఇప్పోన్‌తో పడగొట్టింది. ఎనిమిదేళ్ల ఎదురుచూపు అలా తీరింది.

ఇల్లాలిగా, తల్లిగా

2003లో బేస్‌బాల్ క్రీడాకారుడు యోషితోమో తానీని పెళ్లాడింది. తమూరాగా స్వర్ణం గెలిచాను, తానీగానూ గెలుస్తానని చెప్పి, 2004లో ఏథెన్స్‌లో అన్నంతా చేసింది. 2005 చివర కొడుకు పుట్టాడు. పిల్లల తల్లికి ఇంకా పోటీలేమిటన్నవారికి 2007లో రియోలో ఏడో ప్రపంచ టైటిల్‌తో జవాబిచ్చింది.

అయితే ఇక్కడ రెండో పక్క కూడా చెప్పాలి. 2007లో జాతీయ పోటీ ఫైనల్లో ఆమె తొమోకో ఫుకుమి చేతిలో ఓడింది. 2008లో ఎమి యమగిషి చేతిలో ఓడింది. అయినా పూర్వపు ఘనతను చూసి రెండుసార్లూ తానీనే జట్టులోకి తీసుకున్నారు. ఓడించిన వారు ఇంట్లో ఉండిపోయారు. ఇది న్యాయమేనా అన్న చర్చ జపాన్‌లో గట్టిగానే సాగింది. ఫుకుమి 2009లో ప్రపంచ విజేత అయింది గానీ, 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆమెకు పతకం దక్కలేదు.

బీజింగ్‌లో తానీ ‘అమ్మగా కూడా స్వర్ణం’ అన్న ఆశతోనే దిగింది. సెమీఫైనల్లో రుమేనియాకు చెందిన అలీనా దుమిత్రుతో హోరాహోరీగా సాగిన పోరులో, చివరి క్షణాల్లో పడిన పెనాల్టీతో ఓడిపోయింది. ఫైనల్ దారి మూసుకుపోయింది. ముప్ఫై రెండేళ్ల వయసు, ఇంటి దగ్గర రెండున్నరేళ్ల పిల్లవాడు. ఇంక ఆడి ఏం లాభమని ఆమె అనుకోలేదు. అదేరోజు మళ్లీ బరిలోకి దిగి రష్యా ప్రత్యర్థిని ఇప్పోన్‌తో పడవేసి కంచు పతకం అందుకుంది.

2010లో జపాన్ పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికైంది. సభ్యురాలిగా ఉంటూనే లండన్‌కు వెళతానన్నా, రెండు పడవల మీద కాళ్లన్న విమర్శలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ఆటకు వీడ్కోలు చెప్పి, 2016 వరకు సభలో కొనసాగింది.

ఆమె ఒలింపిక్ పతకాలను వరుసగా పేర్చితే వెండి, వెండి, పసిడి, పసిడి, కంచు. రెండో వెండి దగ్గరే ఆగిపోయి ఉంటే, మిగిలిన మూడూ లేవు.