రుతుపవనాలకు, పసిఫిక్ మహాసముద్రానికి ఉన్న సంబంధం నిజమని ఎలా తేలుతుంది? రిగ్రెషన్, పరికల్పన పరీక్షలు చెప్పేదేమిటి?

ఏటా ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ఒక అంకెను ప్రకటిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు దేశవ్యాప్తంగా కురిసే నైరుతి రుతుపవన వర్షం దీర్ఘకాలిక సగటులో ఎంత శాతం ఉండవచ్చో ఆ అంకె తెలుపుతుంది. 1971-2020 కాలానికి ఆ సగటు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం వరకు కురిస్తే దానిని 'సాధారణ వర్షపాతం' అంటారు.

ఏ విత్తనం వేయాలన్న రైతు నిర్ణయం మొదలుకొని జలాశయాల నిర్వహణ, ధాన్యం నిల్వలు, ఆహార ధరల వరకు ఎన్నో విషయాలు ఈ వర్షంతో ముడిపడి ఉన్నాయి. అయితే నాలుగు నెలల పాటు కురవబోయే వర్షాన్ని ముందుగా అంచనా వేయడం ఎలా సాధ్యం? ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం వేడెక్కడానికి, అనంతపురంలో వేరుశనగ చేను ఎండిపోవడానికి సంబంధం ఉందని ఎవరైనా చెబితే, అది యథార్థమో కేవలం యాదృచ్ఛికమో తేల్చేదెలా?

గణాంక శాస్త్రంలోని రెండు ప్రధాన సాధనాలు ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతాయి. ఒకటి రిగ్రెషన్, అంటే ప్రతిగమన విశ్లేషణ. రెండోది పరికల్పన పరీక్ష. ఈ రెండింటి బలం ఏమిటో, పరిమితి ఏమిటో భారత రుతుపవనాల అంచనాల చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

కరువు లేవనెత్తిన ప్రశ్న

1876-78 నాటి మహా క్షామం దక్షిణ భారతంలో లక్షలాది ప్రాణాలను బలిగొంది. రాయలసీమ ప్రజలు దానిని ధాత నామ సంవత్సరం పేరిట 'ధాత కరువు'గా గుర్తుంచుకున్నారు. దానికి కాస్త ముందు, 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాలపై మంచు ఎక్కువగా పేరుకున్న ఏడాది మైదానాల్లో వర్షాలు తగ్గుతున్నట్టు గమనించారు. ఆ పరిశీలన ఆధారంగా 1886 నుంచి క్రమబద్ధంగా అంచనాలు వెలువడటం మొదలైంది.

1904లో బాధ్యతలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ వాతావరణ శాస్త్రజ్ఞుడు కారు, కేంబ్రిడ్జ్‌లో చదివిన గణితవేత్త. రుతుపవనాలను శాసించే భౌతిక సూత్రాలు ఆనాటికి తెలియవు. అందువల్ల ఆయన ప్రపంచం నలుమూలల నుంచి వాతావరణ పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కలు తెప్పించి, వాటిలో ఏవి భారత వర్షపాతంతో కలిసి మారుతున్నాయో లెక్కగట్టించారు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో భారతీయ గుమాస్తాలు ఈ లెక్కలను చేతితోనే చేశారు. హిమాలయాల మంచు, మారిషస్‌లోనూ దక్షిణ అమెరికాలోనూ గాలి పీడనం, ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ వర్షం వంటివి ఆయన తొలి సమీకరణంలో చోటు చేసుకున్నాయి.

రిగ్రెషన్ చేసే పని

ఒక కాగితంపై 30 చుక్కలు ఉన్నాయనుకుందాం. ఒక్కో చుక్క ఒక్కో సంవత్సరాన్ని సూచిస్తుంది. అడ్డంగా కొలిస్తే ఆ ఏడాది పసిఫిక్ ఉపరితల జలాలు సగటు కంటే ఎంత వెచ్చగా ఉన్నాయో, నిలువుగా కొలిస్తే ఆ ఏడాది భారత వర్షపాతం ఎంతో తెలుస్తుంది. ఇక్కడ పసిఫిక్ ఉష్ణోగ్రత స్వతంత్ర చలరాశి, వర్షపాతం ఆధారిత చలరాశి.

ఈ చుక్కలకు వీలైనంత దగ్గరగా వెళ్లే ఒక సరళరేఖను గీయడమే రిగ్రెషన్. ప్రతి చుక్కకు, రేఖకు మధ్య ఉన్న నిలువు దూరాన్ని వర్గం చేసి, ఆ వర్గాలన్నింటి మొత్తం కనిష్ఠంగా ఉండే రేఖను ఎంచుకుంటారు. రేఖ వాలును బట్టి సముద్రం ఒక డిగ్రీ వేడెక్కితే వర్షం సగటున ఎంత తగ్గుతుందో చెప్పవచ్చు. చుక్కలు రేఖకు ఎంత దూరంగా చెదిరి ఉంటే అంచనాలో అంత అనిశ్చితి ఉన్నట్టు.

రెండు చలరాశులు కలిసి మారే బలాన్ని -1 నుంచి +1 వరకు ఉండే సహసంబంధ గుణకంతో కొలుస్తారు. దాని వర్గం మరో ముఖ్య విషయం చెబుతుంది. ఉదాహరణకు గుణకం 0.6 అయితే వర్గం 0.36. అంటే వర్షపాతంలోని హెచ్చుతగ్గుల్లో 36 శాతాన్ని మాత్రమే ఈ రేఖ వివరించగలుగుతుంది. మిగిలిన 64 శాతం మరే ఇతర కారణాలదో, లేదా యాదృచ్ఛికమో.

చీటీల పరీక్ష

ఏ 30 చుక్కలనిచ్చినా రిగ్రెషన్ ఒక రేఖను గీసి ఇస్తుంది. చుక్కల మధ్య అసలు సంబంధమే లేకున్నా ఆ రేఖకు ఎంతో కొంత వాలు ఉంటుంది. కాబట్టి ఆ వాలును నమ్మవచ్చా అన్నది వేరే ప్రశ్న. పరికల్పన పరీక్ష పని ఇక్కడే మొదలవుతుంది.

ఈ పరీక్ష సంబంధం లేదన్న ఊహతో ఆరంభమవుతుంది. దీనినే శూన్య పరికల్పన అంటారు. నేరం రుజువయ్యే వరకు నిందితుడిని నిర్దోషిగానే భావించే న్యాయస్థానపు పద్ధతి వంటిదే ఇది. ఈ పరీక్షను చీటీలతో సులభంగా ఊహించుకోవచ్చు. 30 ఏళ్ల వర్షపాతాన్ని 30 చీటీలపై రాసి, బాగా కలిపి, వరుసలో తోచినట్టు ఒక్కో సంవత్సరానికి ఒక్కో చీటీ కేటాయించాలి. ఇప్పుడు వర్షానికి, సముద్రానికి ఉన్న ముడి తెగిపోయింది. ఈ కొత్త చుక్కలకు రేఖ గీసి, వాలు చూడాలి. ఇలా వేయిసార్లు చేసినప్పుడు, అసలు లెక్కలో వచ్చినంత లేదా అంతకు మించిన వాలు ఎన్నిసార్లు కనిపించిందన్నదే కీలకం. 1000లో 10 సార్లు మాత్రమే కనిపిస్తే ఆ నిష్పత్తి 0.01 అవుతుంది. దీనినే 'పి-విలువ' అంటారు.

పి-విలువ 0.05 కంటే తక్కువైతే ఫలితాన్ని 'సార్థకం'గా పరిగణించే ఆనవాయితీకి బ్రిటన్ శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ 1925లో వెలువరించిన గ్రంథం ప్రాచుర్యం కల్పించింది. ఈ ప్రమాణం ప్రకారం 30 ఏళ్ల లెక్కల్లో సహసంబంధ గుణకం దాదాపు 0.36 దాటాలి. 100 ఏళ్ల లెక్కలుంటే 0.2 సరిపోతుంది. లెక్కలు పెరిగేకొద్దీ బలహీనమైన సంబంధం కూడా పరీక్షలో నెగ్గుతుంది కాబట్టి, సార్థకమైనదంతా పెద్దదీ ముఖ్యమైనదీ కావాలని లేదు.

ఈ విభాగానికి తెలుగువారి తోడ్పాటు ఉంది. తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన 'స్కోర్ పరీక్ష' నేటికీ పరికల్పనల పరిశీలనలో ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఆయన 2023లో 102 ఏళ్ల వయసులో మరణించారు.

ఎక్కువ వెతికితే ఎక్కువ దొరుకుతాయి

పి-విలువ 0.05 అంటే ఆ సంబంధం నిజమయ్యే అవకాశం 95 శాతం ఉందని కాదు. అసలు సంబంధమే లేని పక్షంలో, ఇంతటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతమని మాత్రమే దాని అర్థం. ఈ తేడాను విస్మరించవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది.

అసలు ప్రమాదం పరీక్షల సంఖ్య పెరిగినప్పుడు వస్తుంది. వర్షంతో ఏ సంబంధమూ లేని 20 అంశాలను ఒకదాని తర్వాత ఒకటి పరీక్షిస్తే, కనీసం ఒకటైనా 'సార్థకం'గా తేలే అవకాశం 64 శాతం. 100 అంశాలను పరీక్షిస్తే సగటున ఐదు అలా తేలుతాయి. ప్రపంచ పటమంతా గాలించి, నెగ్గిన ఐదింటిని మాత్రమే ప్రచురిస్తే చదివేవారికి అవి గొప్ప ఆవిష్కరణలుగా కనిపిస్తాయి. ఓడిన 95 ఎవరికీ కనిపించవు.

ఈ చిక్కును తొలినాళ్లలోనే గుర్తించినవారిలో వాకర్ ఒకరు. ఎన్నో సంబంధాలలోంచి అతి పెద్దదాన్ని ఏరుకున్నప్పుడు దానికి మరింత కఠినమైన కొలమానం కావాలని ఆయన 1914లో రాసిన పత్రంలో వివరించారు.

2002 నేర్పిన పాఠం

1988 నుంచి ఐఎండీ 16 అంశాలతో కూడిన రిగ్రెషన్ నమూనాను వినియోగించింది. 2002లో ఆ నమూనా 101 శాతం వర్షపాతాన్ని అంచనా వేసింది. వాస్తవంలో కురిసింది 81 శాతమే. ఖరీఫ్‌కు కీలకమైన జులైలో సాధారణంతో పోలిస్తే దాదాపు సగం వర్షమే పడింది. దేశం తీవ్ర కరువులో చిక్కుకుంది.

ఇటువంటి నమూనాలకు రెండు బలహీనతలుంటాయి. మొదటిది, అంశాలు పెరిగేకొద్దీ సమీకరణం గతానికి అతిగా ఒదిగిపోతుంది. 29 అంశాలు చేరిస్తే 30 ఏళ్ల గతాన్ని ఒక్క పొరపాటు లేకుండా చెప్పగల సమీకరణం తయారవుతుంది. కానీ 31వ ఏడాది గురించి దానికేమీ తెలియదు. రెండోది, సంబంధాలు కాలంతో పాటు మారతాయి. బ్లాన్‌ఫోర్డ్ నమ్మిన హిమాలయాల మంచు సంబంధం తర్వాతి దశాబ్దాల్లో అదే బలంతో నిలవలేదు. 2003లో ఐఎండీ తన నమూనాను సమీక్షించి, సంబంధం సన్నగిల్లిన అంశాలను తొలగించి, 8, 10 అంశాల నమూనాలను ప్రవేశపెట్టింది.

అందుకే శాస్త్రజ్ఞులు కొన్ని సంవత్సరాల లెక్కలను పక్కన పెట్టి, మిగిలినవాటితో సమీకరణం తయారు చేసి, దాచిన ఏళ్లపై దానిని పరీక్షిస్తారు. చూడని ఏడాదిని చెప్పగలిగిన సమీకరణానికే విలువ.

సంబంధం కనిపిస్తే కారణం తెలిసినట్టేనా?

వాకర్ వెతుకులాటలో దొరికిన అతి విలువైన ఫలితం వేరొకటి. పసిఫిక్‌పై పీడనం పెరిగితే హిందూ మహాసముద్రంపై తగ్గడం, అక్కడ తగ్గితే ఇక్కడ పెరగడం ఆయన గమనించి, దానికి 'సదరన్ ఆసిలేషన్' అని పేరుపెట్టారు. అంకెలు సంబంధాన్ని చూపాయి కానీ, అది ఎందుకుందో చెప్పలేకపోయాయి. 1969లో జాకబ్ బెర్క్‌నెస్ ఆ లోటు తీర్చారు. పసిఫిక్ జలాల వేడి, దానిపై గాలుల ప్రసరణ ఒకదానినొకటి నడిపిస్తాయని వివరించి, ఆ ప్రసరణకు వాకర్ పేరే పెట్టారు. ఎల్‌నినో, రుతుపవనాల ముడికి భౌతిక కారణం అప్పుడు దొరికింది.

కారణం తెలిసినా ఫలితం ఏటా ఒకేలా ఉండదు. ఎల్‌నినో నెలకొన్న 2009లో దేశంలో 78 శాతం, 2015లో 86 శాతం, 2023లో 94 శాతం వర్షం కురిసింది. అతి బలమైన ఎల్‌నినో ఏర్పడిన 1997లో మాత్రం 102 శాతం నమోదైంది. హిందూ మహాసముద్రపు పశ్చిమ భాగం వేడెక్కి, తూర్పు భాగం చల్లబడటం ఆ ఏడాది ఎల్‌నినో ప్రభావాన్ని అడ్డుకుందని పరిశోధకులు వివరించారు. అంతకుముందు లెక్కలోకి రాని మరో చలరాశి అలా బయటపడింది.

పైగా జాతీయ సగటు ప్రతి జిల్లాకూ వర్తించదు. నైరుతి వర్షాన్ని తగ్గించే ఎల్‌నినో, అక్టోబర్-డిసెంబర్‌లో తమిళనాడు, దక్షిణ కోస్తా ఆంధ్ర ప్రాంతాల ఈశాన్య రుతుపవన వర్షాన్ని పెంచే ధోరణి ఉంది. ఒకే కారణానికి ఒక ప్రాంతంలో, ఒక కాలంలో రుణ సంబంధం, మరోచోట ధన సంబంధం.

అంచనాను ఎలా చదవాలి?

ఐఎండీ 2021 నుంచి భౌతిక సూత్రాలపై నడిచే అనేక కంప్యూటర్ నమూనాల సమాహారాన్ని వినియోగిస్తోంది. ఏప్రిల్ అంచనాను 5 శాతం, మే చివరి అంచనాను 4 శాతం అటూ ఇటూగా చదవాలని ఆ ప్రకటనలోనే ఉంటుంది. వర్షాభావం, సాధారణం కంటే తక్కువ, సాధారణం, సాధారణం కంటే ఎక్కువ, అధికం అనే ఐదు వర్గాలకు విడివిడిగా సంభావ్యతలను కూడా ప్రకటిస్తుంది. పతాక శీర్షికలో కనిపించే ఒక్క అంకె కంటే ఈ సంభావ్యతలే ఎక్కువ సమాచారమిస్తాయి. 'సాధారణ వర్షం' అని అంచనా ఉన్న ఏడాది కూడా వర్షాభావానికి ఎంత అవకాశం ఉందో వాటిలో చూసుకోవచ్చు. నీటి వసతి లేని రైతుకు, పంట బీమాపై నిర్ణయం తీసుకునేవారికి అవసరమైనది ఆ రెండో అంకె.

ఇదే దృష్టి వర్షానికే పరిమితం కానక్కరలేదు. ఒక ఆహారానికి ఒక జబ్బుతో, ఒక పథకానికి పిల్లల చదువుతో సంబంధం ఉందని వార్త వచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని అంశాలను పరీక్షించి దీనిని ఎంచారు? ఎందరి వివరాలు, ఎన్నేళ్ల లెక్కలు ఉన్నాయి? ప్రభావం ఎంత పెద్దది? రెండింటినీ కదిలిస్తున్న మూడో కారణం ఉందా? కొత్త లెక్కలపై ఆ సంబంధం మళ్లీ నిలిచిందా? ఈ ప్రశ్నలకు వార్తలో జవాబు లేకపోతే, ఆ సంబంధం ఇంకా పరీక్షకు నిలవాల్సి ఉందని భావించడమే సమంజసం.