చార్టు మీద తెల్లకాగితం

గత నెల ఒక ఉన్నత పాఠశాలలో పౌరశాస్త్ర ప్రాజెక్టుల ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వెళ్లాను. థర్మాకోల్ పార్లమెంటు భవనాలు, రంగురంగుల ప్రవేశికలు వరుసగా పేర్చి ఉన్నాయి. చివరి బల్ల దగ్గర తొమ్మిదో తరగతి బాలిక నిలబడింది. ఆమె ఎంచుకున్న అంశం 'మా ఊరిలో 17వ అధికరణ'.

అస్పృశ్యతను రద్దు చేసే అధికరణను 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ ఆమోదించిందనీ, 1955లో చట్టం వచ్చిందనీ తడబడకుండా చెప్పింది. అక్కడితో ఆగలేదు. వాడలో ఇల్లిల్లూ తిరిగి, గుడిలోకి ఎవరు వెళ్తారు, హోటల్లో టీ ఏ గ్లాసులో పోస్తారు, శ్మశానానికి దారి ఎటు అని అడిగి రాసుకుంది. చార్టులో ఆ జవాబులున్న చోట మాత్రం తెల్లకాగితం అతికించి ఉంది.

'గొడవలవుతాయని సార్ అతికించమన్నారండీ' అంది మెల్లగా.

కులం గడిచిపోయిన దురాచారంగా ఉంటేనే మన బడులకు సౌకర్యం. కారంచేడు జరిగింది 1985లో. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. చుండూరు ఆ తర్వాత, 1991లో. ఆ అమ్మాయి చేసింది అసలైన పరిశోధన. ఇరుగుపొరుగును ప్రశ్నించే ఆ తెగువ నా పరిశోధక విద్యార్థుల్లో కొందరికి ఇంకా అలవడలేదు.

ఆ కాగితం తీసేయమని నేను చెప్పవలసింది. ప్రధానోపాధ్యాయుడు పక్కనే ఉన్నారు, చెప్పలేదు. మొదటి బహుమతి పార్లమెంటు నమూనాకు వెళ్లింది. మార్కుల పత్రం మీద ఉన్నది నా సంతకమే.