మైనస్ 50 రబ్బరు ప్లస్ 7 దగ్గరే ఎందుకు బిగుసుకుంటుంది?

మాంట్రియల్‌లో కొడుకు దగ్గర కొన్నాళ్లుండి వచ్చిన గుంటూరు పాఠకుడొకరు రాశారు: "మావాడి కారుకు ఆల్ సీజన్ టైర్లున్నాయి. గాడులు లోతుగానే ఉన్నాయి. పైగా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. అయినా డిసెంబరు 1 కల్లా వింటర్ టైర్లు వేయించాల్సిందేనట. 7 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు రబ్బరు గట్టిపడిపోతుందని షాపువాడు చెప్పాడు. రబ్బరు గాజులా మారేది మైనస్ 50 దగ్గరని నేను చదివాను. 7 డిగ్రీలంటే మన లంబసింగి చలే కదా. ఇది విజ్ఞానమా, వ్యాపారమా?"

ఇలాంటి ప్రశ్న వస్తే మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టాల్సిందే. పాఠకుడు చదివింది నిజం. షాపువాడు చెప్పిందీ దాదాపు నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఉన్న దాదాపు అరవై డిగ్రీల తేడా ఎక్కడికి పోయిందన్నదే అసలు కథ.

ముందు మామూలు సంగతులు. మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. టైర్లు మూడు రకాలు: వేసవివి, చలికాలానివి, ఏడాది పొడుగునా నడిచే ఆల్ సీజన్‌వి. చూసేవాళ్లకు తేడా గాడుల్లో కనిపిస్తుంది. కానీ దానికంటే పెద్ద తేడా కంటికి కనిపించదు, అది రబ్బరు లోపల ఉంటుంది.

రబ్బరంటే వేల ముక్కలు కలిసిన పొడవాటి అణువుల గొలుసులు. గంధకం వేసి ఉడికించినప్పుడు వాటి మధ్య అక్కడక్కడా ముడులు పడతాయి. ముడికీ ముడికీ మధ్య ఉన్న గొలుసు ముక్క ఒక్క క్షణం కూడా ఊరుకోదు, మెలికలు తిరుగుతూనే ఉంటుంది. రబ్బరుకు మెత్తదనం ఈ మెలికల వల్లే. చల్లబడేకొద్దీ అవి మందగిస్తాయి. ఒక ఉష్ణోగ్రత దగ్గర దాదాపు ఆగిపోతాయి, అప్పుడు రబ్బరు గాజవుతుంది. చెట్టు రబ్బరుకు ఇది సుమారు మైనస్ 70. పాలీబ్యూటడైన్ అనే కృత్రిమ రబ్బరుకు మైనస్ 100 దరిదాపు. కారు టైర్లలో ఎక్కువగా వాడే స్టైరీన్ బ్యూటడైన్ రబ్బరులో స్టైరీన్ పాలు పెంచుతూ పోతే ఆ అంకె మైనస్ 50 నుంచి మైనస్ 20 దాకా పైకి జరుగుతుంది. అంటే రబ్బరు ఎక్కడ గాజు కావాలో టైరు చేసేవాడే ఎంచుకుంటాడు. లెక్క కోసం వేసవి టైరుకు మైనస్ 25, వింటర్ టైరుకు మైనస్ 55 అనుకుందాం.

ఈ అంకెలన్నీ ప్రయోగశాలలో నెమ్మదిగా, తాపీగా కొలిచినవి. రోడ్డు అంత తాపీగా ఉండదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

తిరునాళ్ల జనంలో మెల్లగా నడిచేవాడికి జనం పక్కకు జరిగి దారిస్తారు. అదే జనంలోకి పరుగెత్తుకొచ్చినవాడు గోడను గుద్దుకున్నట్టు ఆగిపోతాడు. జనం అదే జనం, జరగడానికి వాళ్లకు వ్యవధి చాల్లేదు, అంతే. గొలుసు ముక్కల సంగతీ ఇంతే. సర్దుకోవడానికి వాటికి కొంత సమయం కావాలి. చలి పెరిగితే ఆ సమయం పెరుగుతుంది. మీరిచ్చే సమయం దానికంటే తక్కువైతే, వాతావరణం ఎంత వెచ్చగా ఉన్నా రబ్బరు మీకు గట్టిగానే తగులుతుంది. రబ్బరు దృష్టిలో వేగమూ చలీ ఒకటే. 1955లో విలియమ్స్, లాండెల్, ఫెర్రీ అనే ముగ్గురు ఈ మారకానికి ఒక సూత్రం ఇచ్చారు. ఫలానా వేగం ఫలానా డిగ్రీల చలితో సమానం అని దానితో లెక్క కట్టవచ్చు.

కడదాం. గట్టిగా బ్రేకు వేస్తే చక్రం పూర్తిగా బిగుసుకోకపోయినా, రోడ్డును తాకే రబ్బరు సెకనుకు ఒక మీటరు చొప్పున జారుతుందనుకోండి. తారు రోడ్డు మీది కంకర నున్నగా కనిపిస్తుంది గానీ, దాని మీద మిల్లీమీటరులో నూరోవంతు ఉండే గరుకులు బోలెడు. అంత చిన్న గరుకుల మీదుగా మీటరు వేగంతో పోయే రబ్బరుకు సెకనుకు లక్ష కుదుపులు. ఈ లక్షను ఆ సూత్రంలో వేస్తే గాజు హద్దు నలభై డిగ్రీలకు పైగా పైకి జరుగుతుంది! మైనస్ 25 అనుకున్న వేసవి టైరుకు ఆ హద్దు ప్లస్ 19 దగ్గరికి వచ్చేస్తుంది. వింటర్ టైరుకు మైనస్ 11 దగ్గర ఆగుతుంది. తప్పిపోయిన అరవై డిగ్రీల్లో చాలా భాగం ఇక్కడ దొరికింది.

ఇంకో తమాషా ఉంది. రబ్బరు బాగా పట్టుకునేది పూర్తిగా మెత్తగా ఉన్నప్పుడు కాదు, అటూ ఇటూ తేల్చుకోలేక తడబడుతున్నప్పుడు. కంకర గరుకు రబ్బరులో దిగబడుతుంది, దాటిపోతుంది. రబ్బరు వెంటనే వెనక్కి ఎగిరితే దిగబడటానికి తీసుకున్న శక్తిని తిరిగిచ్చేస్తుంది, పట్టు మిగలదు. ఆలస్యంగా, బద్ధకంగా లేస్తే ఆ శక్తి రబ్బరులోనే వేడిగా పోతుంది. ఆ నష్టమే మనకు బ్రేకు. తడి రోడ్డు మీద, నీటి పొర వల్ల రబ్బరు అణువులు రాయిని నేరుగా అంటుకోలేనప్పుడు, ఎక్కువగా ఆదుకునేది ఈ బద్ధకమే. 1950లలో కేంబ్రిడ్జిలో డేవిడ్ టేబర్ దీన్ని పట్టుకున్నాడు: నేలకేసి కొడితే చచ్చినట్టు పడి ఉండే రబ్బరే తడి రోడ్డుకు మంచిదన్నాడు. బద్ధకం గరిష్ఠంగా ఉండే చోటు గాజు హద్దు పక్కనే. కాబట్టి పట్టు ఒక కొండలాంటి వక్రరేఖ. వేసవి టైరు శిఖరం వెచ్చటి రోజుల మీద ఉంటుంది, చలి పెరిగితే గాజు వైపు వాలు దిగిపోతుంది. వింటర్ టైరు శిఖరం సున్నాకు దిగువన ఉంటుంది. దాన్ని మే నెలలో విజయవాడ రోడ్డెక్కిస్తే రెండో వైపు వాలులో పడుతుంది. గాడుల మధ్యనున్న మెత్తటి ముక్కలు అటూ ఇటూ వంగిపోయి, టైరు కళ్లముందే అరిగిపోతుంది.

ఆల్ సీజన్ టైరంటే ఈ రెండు శిఖరాల నడుమ వేసిన గుడారం. 1977లో గుడ్‌ఇయర్ టియెంపో పేరుతో ఇలాంటి టైరును అమెరికాలో అమ్మింది. అక్కడి ఎండకూ వానకూ పలచటి మంచుకూ అది చాలు. మాంట్రియల్ జనవరి దాని లెక్కలో లేదు.

రబ్బరు పట్టు గురించి తప్పులో కాలేసినవాళ్ల జాబితా పెద్దది. 1699లో అమాంటన్స్ ఘర్షణ నియమాలు చెప్పాడు: ఘర్షణ బరువును బట్టి ఉంటుంది, తాకే వైశాల్యంతో పనిలేదు. పాఠ్యపుస్తకాలు నేటికీ ఇదే వల్లిస్తాయి. రబ్బరు ఈ నియమాలను లెక్కచేయదు, లెక్కచేస్తే రేసు కార్లకు అంత వెడల్పు టైర్లు ఎందుకు? 1963లో గ్రోష్ అనే శాస్త్రవేత్త దీన్ని తేల్చిన తీరు నాకు మహా ఇష్టం. రబ్బరు ముక్కలను గాజు మీదా, గరుకు కాగితం మీదా సెకనుకు కొద్ది సెంటీమీటర్లు మించకుండా లాగాడు. రాపిడికి రబ్బరు వేడెక్కితే లెక్క చెడుతుందని అంత నిదానం. వేగం పెంచే బదులు గదిని చల్లబరిచాడు. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో వచ్చిన గీతలన్నిటినీ ఆ 1955 సూత్రం ప్రకారం పక్కకు జరిపితే అవి ఒకే గీతగా అతుక్కున్నాయి! నత్తనడక ప్రయోగంతో హైవే వేగాల పట్టు తెలిసిపోయింది. గరుకు కాగితం మీద ఆ గీతకు రెండు గుట్టలు వచ్చాయి. పొడి చల్లగానే ఒక గుట్ట మాయమైంది. అది అణువులు అంటుకోవడం వల్ల వచ్చినది, మిగిలింది బద్ధకానిది.

అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ సంగతీ ఇదే. 1986 జనవరి 28న సున్నాకు కాస్తే పైనున్న చలిలో ఎగిరిన ఆ నౌక కూలిపోయాక, భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ టీవీ కెమెరాల ముందు, దాని రాకెట్ కీళ్లలో సందు మూయడానికి వాడిన రబ్బరు ముక్కను బిగించి మంచునీళ్లలో ముంచి చూపించాడు. చూసినవాళ్లలో చాలామంది "రబ్బరు పెళుసెక్కింది" అనుకున్నారు. ఆ రబ్బరు గాజయ్యేది ఇంకా చాలా చలిలో. అది విరగలేదు, తిరిగి లేవడానికి ఆలస్యం చేసింది. కీలు విచ్చుకునే సెకను భాగంలో ఆ సందును మూయలేకపోయింది. పాఠకుడి ప్రశ్నకు ఇంతకంటే విషాదకరమైన జవాబు లేదు.

ఇక రోడ్డే గడ్డకట్టితే? ఇక్కడ మరో పాత తప్పుంది. స్కేటు కింద ఒత్తిడికి మంచుగడ్డ కరిగి నీరవుతుందని, అందుకే జారుతుందని 1886లో జాన్ జోలీ చెప్పాడు. ఇప్పటికీ దాన్ని చెప్పే మాస్టర్లున్నారు. ఒక వాతావరణ పీడనానికి మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గేది డిగ్రీలో 0.0075 వంతు. కారు టైరు ఒత్తిడి రెండున్నర వాతావరణాలనుకున్నా డిగ్రీలో యాభయ్యోవంతు తేడా. దానితో మైనస్ 10 మంచు కరుగుతుందా? 1939లో బౌడెన్, హ్యూస్ రాపిడి వేడి వైపు వేలు చూపించారు. 2025లో జర్మనీలోని జార్లాండ్ విశ్వవిద్యాలయంలో మ్యూజర్ బృందం కంప్యూటర్ నమూనాలతో, రెండూ కాదు, ఎదుటి ఉపరితలం తగలగానే పైపొరలోని నీటి అణువుల వరుస చెదిరిపోతుందని అంది. ఎవరు గెలిచినా నున్నటి మంచుగడ్డ మీద మన గరుకుల లెక్క చెల్లదు. అక్కడ టైరు చేయగలిగింది మెత్తగా ఒదగడం, పలచటి నీటిపొరను పక్కకు తీయడం. ట్రెడ్ ముక్కల మీద కత్తితో గీసినట్టుండే సన్నటి చీలికలు అందుకే.

జపాన్ దీనికి ఇంకో దారి పట్టింది. ఇనుప మేకుల టైర్లు రోడ్లను పిండి చేసి ఊళ్లను దుమ్ముతో ముంచెత్తాయి. వాటిని అరికట్టడానికి 1990లో చట్టమే తెచ్చారు. మేకుల్లేకుండా పట్టుకునే టైరుగా బ్రిడ్జ్‌స్టోన్ 1988లోనే సన్నటి రంధ్రాలు నిండిన రబ్బరుతో బ్లిజాక్‌ను తెచ్చింది. అరిగేకొద్దీ కొత్త రంధ్రాలు బయటపడి నీటిని పీల్చుకుంటాయి.

కొనే విషయం తేలిగ్గా ముగిస్తాను. "నాలుగు చక్రాలకూ ఇంజను బలం" బండిని కదిలించడానికే, ఆపడానికి కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి తారు మీద 12 మీటర్లలో ఆగే బండి, తొక్కుడుపడ్డ హిమం మీద 40, గడ్డకట్టిన రోడ్డు మీద 100 మీటర్ల దాకా పోవచ్చు. ఆ అంకెలను తగ్గించేది టైరొక్కటే. వేస్తే నాలుగూ వేయాలి. రెండే వేస్తే బండి గింగిరాలు తిరగవచ్చు.

టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని అచ్చుంటే మురిసిపోవద్దు. అది గాడుల ఆకారాన్ని బట్టి ఇచ్చే ముద్ర, ఏ పరీక్షా లేదు. మన ఊళ్లో అమ్మే ఎస్‌యూవీ టైర్ల మీదా ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి జర్మనీ దాన్ని చలికాలపు టైరుగా ఒప్పుకోవడం మానేసింది. మూడు శిఖరాల కొండ మధ్య మంచుపువ్వు ఉన్న గుర్తు కాస్త నయం. దానికి హిమం మీద పరీక్ష ఉంది, గడ్డకట్టిన మంచు మీద మాత్రం లేదు! ఎందుకు లేదని టైరు కంపెనీలను అడగాలి. 7 డిగ్రీల మాట కూడా ప్రకృతి గీసిన గీత కాదు, షాపులవాళ్లకు చెప్పడానికి వీలుగా ఉన్న అంకె. మిచెలిన్ 2015లో తెచ్చిన క్రాస్‌క్లైమేట్ లాంటి టైర్లకు మంచుపువ్వు గుర్తుంది, ఏడాదంతా నడుస్తాయి. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకు అవి ఎక్కువే. మాంట్రియల్ అబ్బాయి మాత్రం అసలైన వింటర్ టైర్లు వేయించుకోవాలి. వేయించాక గాలి కూడా చూసుకోవాలి: 25 డిగ్రీల గరాజులో 33 పాయింట్లు కొట్టించిన టైరు మైనస్ 15లో రాత్రంతా నిలబడితే 27 కూడా చూపదు.