ఉల్కల వానలో ఉపగ్రహాలు

1998 నవంబరులో నాసా శాస్త్రవేత్తలు హబుల్ టెలిస్కోపును పక్కకు తిప్పి పెట్టారు. సింహరాశి వైపు నుంచి లియోనిడ్ ఉల్కలు దూసుకొస్తున్నాయి. వాటికి అద్దం ఎదురుపడకుండా, సౌరఫలకాల అంచు మాత్రమే తగిలేలా, దాదాపు పది గంటలు అలాగే ఉంచారు. ఆ సమయాన్ని వృథా పోనీయలేదు. వెనుక దిక్కున ఉన్న దూరపు గెలాక్సీలను చూశారు.

అంత జాగ్రత్త ఎందుకంటే, 1966 నవంబరు 17 తెల్లవారుజామున అరిజోనా ఆకాశం నుంచి చుక్కలు కురిశాయి. ఉధృతంగా ఉన్న కాసేపట్లో సెకనుకు 40 దాకా రాలాయని చూసినవాళ్ల అంచనా. వాటికి మూలం టెంపుల్-టటిల్ తోకచుక్క. సుమారు 33 ఏళ్లకోసారి సూర్యుడి దగ్గరికి వచ్చి ధూళి వదిలి వెళ్తుంది. 1966 నాటికి ఆకాశంలో ఉపగ్రహాలు కొద్దే. 1998కి మాత్రం టీవీ, ఫోను, బ్యాంకు లావాదేవీలు, వాతావరణ సూచన అన్నీ వాటి మీదే నడుస్తున్నాయి. ఆ ఏడాది మే నెలలోనే గెలాక్సీ-4 అనే ఒక్క ఉపగ్రహం చెడిపోతే అమెరికాలో కోట్లాది పేజర్లు మూగబోయాయి. దానికి ఉల్కలు కారణం కాదు. అయినా ఒక్కటి పోతే ఏమవుతుందో దేశానికి తెలిసొచ్చింది.

ఈ ఉల్కల్లో ఎక్కువభాగం ఇసుక రేణువు కంటే చిన్నవి. కానీ వేగం సెకనుకు 71 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు నాలుగు సెకన్లు! రంధ్రం పడుతుందేమోనని అందరూ అనుకుంటారు, అసలు భయం అది కాదు. ఆ వేగంతో తగిలిన రేణువు ఆవిరై, విద్యుదావేశంతో నిండిన ప్లాస్మా మేఘంగా మారుతుంది. అక్కడ పుట్టిన విద్యుత్ తాకిడి తీగల గుండా లోపలికి పాకి, దిక్కును నిలబెట్టే గైరోస్కోపును, కంప్యూటరును దెబ్బతీయవచ్చు. బయట గీత కూడా కనబడకపోవచ్చు. 1993 ఆగస్టులో పెర్సియిడ్ ఉల్కల వేళ యూరప్‌కు చెందిన ఒలింపస్ ఉపగ్రహం అదుపు తప్పింది. సరిచేసే ప్రయత్నంలో ఇంధనం దాదాపు అయిపోయింది, సేవ ముగిసింది. ఉల్క తగిలిందన్నది అనుమానమే, కానీ బలమైన అనుమానం. అదే నెలలో ఆ ఉల్కల భయంతోనే డిస్కవరీ షటిల్ ప్రయాణాన్ని నాసా వాయిదా వేసింది.

అందుకే 1998లో నిపుణులు కాలిఫోర్నియాలో సమావేశమై చేయవలసినవి చర్చించారు. కవచం కట్టే సంగతి కాదది, ఉపగ్రహం అప్పటికే పైన ఉంది. ఫలకాలను అంచుకు తిప్పాలి, అధిక వోల్టేజీ పరికరాలను ఆపాలి, ఆ గంటల్లో కక్ష్య మార్పులు పెట్టుకోకూడదు, కంట్రోల్ రూముల్లో అదనపు సిబ్బంది మేల్కొని ఉండాలి.

తీరా చూస్తే ప్రకాశవంతమైన ఉల్కలు లెక్క కంటే దాదాపు 16 గంటలు ముందే వచ్చాయి. పెద్ద నష్టమేమీ జరగలేదు. ఇంత హడావుడి అనవసరమని అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ధూళి దారిని కచ్చితంగా లెక్కించే విద్య ఆ అవసరం వల్లే పదునెక్కింది. ఖగోళ శాస్త్రవేత్తలు రాబర్ట్ మెక్‌నాట్, డేవిడ్ ఆషర్ 1999 ఉల్కల తుపాను వేళను నిమిషాల తేడాతో ముందే చెప్పగలిగారు. 2004లో అలబామాలోని హంట్స్‌విల్‌లో నాసా ప్రత్యేకంగా ఉల్కా పర్యావరణ కార్యాలయం పెట్టింది. ఏటా ఏ ఉల్కాపాతం ఎప్పుడు, ఎంత అన్నది అక్కడే లెక్కకడతారు.

2009 ఆగస్టు 13న, మళ్లీ పెర్సియిడ్ల సమయంలోనే, ల్యాండ్‌శాట్-5 దిక్కు తప్పి దొర్లింది. మూడేళ్లకని తయారై 25 ఏళ్లుగా పనిచేస్తున్న ఉపగ్రహం. ఇంజినీర్లు కొద్ది రోజుల్లో దాన్ని దారికి తెచ్చారు. పొలాలను, అడవులను, చెరువులను మరి కొన్నేళ్లు ఫొటోలు తీసింది. కంట్రోల్ రూములో పాత ఉపగ్రహం మర్మం తెలిసిన మనుషులు ఉండడం ఎంత పెద్ద రక్షణో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి.

2022 మేలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దం పలకను ఊహించినదాని కంటే పెద్ద రేణువు తాకింది. ఆ తర్వాత రేణువులకు ఎదురెళ్లే దిశలో దాన్ని తక్కువసేపు చూపిస్తున్నారు. టెంపుల్-టటిల్ 2031లో మళ్లీ సూర్యుడి దగ్గరికి వస్తోంది. 1998లో వందల్లో ఉన్న పనిచేసే ఉపగ్రహాలు ఇప్పుడే పది వేలు దాటాయి. వాటిలో చాలావాటిని కొద్దిమంది సిబ్బందితో నడిపే సంస్థలున్నాయి. హంట్స్‌విల్ హెచ్చరిక ఆ చిన్న కంట్రోల్ రూములకూ సకాలంలో చేరాలి, దాని ప్రకారం ఏం చేయాలో అక్కడివాళ్లు ఇప్పటినుంచే సాధన చేయాలి.