వెలుగు చారలు

మానవుని తొలి ప్రయాణ సాధనం అతని పాదాలే. బండి చక్రం పుట్టకముందే కాలిబాట పుట్టింది. నేటికీ బస్సు ఎక్కేవారైనా, కారు దిగేవారైనా కొంతదూరం నడవక తప్పదు. కాబట్టి పాదచారులు ప్రత్యేకమైన ఒక వర్గానికి చెందినవారు కారు. రోడ్డు మీదికి వచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒక సమయంలో పాదచారియే. అయినప్పటికీ రహదారుల నిర్మాణంలో చక్రాలకు లభించిన ప్రాధాన్యం పాదాలకు లభించలేదు. ఈ లోపం పగటివేళ కంటె రాత్రివేళ మరింత స్పష్టంగా బయటపడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2021వ సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11.9 లక్షలమంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో 23 శాతం మంది కాలినడకన వెళుతున్నవారే. మనదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలకు బలియైన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. అంటే సగటున రోజుకు 90 మంది నడుస్తూ ప్రాణాలు కోల్పోయారు. పనినుండి ఇంటికి మరలివస్తున్న కూలీ, చదువు ముగించుకొని బస్సు దిగిన విద్యార్థి, కూరగాయల సంచితో రోడ్డు దాటుతున్న గృహిణి – ఈ అంకెల వెనుక ఇటువంటి మనుషులు ఉన్నారు. అమెరికా దేశంలో పాదచారుల మరణాలలో దాదాపు నాలుగింట మూడువంతులు చీకటివేళలోనే సంభవిస్తున్నాయి. రాత్రివేళ రోడ్లపై జనసంచారం తక్కువ. అయినా మరణాలు ఎక్కువ. దీనికి కారణమేమిటో, నివారణోపాయం ఏమిటో తెలుసుకోవడం అవసరం.

చూపులో ఉన్న తేడా

చీకటిపడిన తరువాత రోడ్డు అంచున నిలబడిన వ్యక్తికి ఎదురుగా వస్తున్న వాహనం దీపాలు చాలా దూరం నుండే కనిపిస్తాయి. ‘నాకు బండి ఇంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు బండి నడిపేవారికి నేను కనిపించనా?’ అని ఆ వ్యక్తి సహజంగానే భావిస్తాడు. ప్రమాదం ఈ భావనలోనే పొంచి ఉన్నది. వాహనం తన వెలుగును తానే మోసుకొని వస్తుంది. పాదచారికి ఆ వెలుగు లేదు. దీపపు కాంతి అతనిపై పడి, తిరిగి చోదకుని కంటికి చేరినప్పుడు మాత్రమే అతడు కనిపిస్తాడు. ముదురురంగు దుస్తులు తనపై పడిన కాంతిలో అధికభాగాన్ని పీల్చుకొంటాయి. పాదచారులు తాము ఇతరులకు కనిపించే దూరాన్ని వాస్తవం కంటె ఎక్కువగా ఊహించుకొంటారని పరిశోధకులు పలుమార్లు నిరూపించారు.

దీనికి కొంచెం లెక్క జోడించి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఒక సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకు సాగుతుంది. చోదకుడు మనిషిని చూసి, గుర్తించి, బ్రేకుపై కాలు మోపడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకొంటే, ఆ లోపలే కారు 21 మీటర్లు వచ్చేస్తుంది. పొడిగా ఉన్న రోడ్డుపై బ్రేకు వేసిన తరువాత ఆగడానికి మరొక 14 మీటర్లు కావాలి. మొత్తం 35 మీటర్లు. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. హెడ్‌లైట్ల వెలుగును కిందికి దించి నడుపుతున్నప్పుడు నల్లని దుస్తులు ధరించిన వ్యక్తి 30 మీటర్ల దూరానికి వచ్చేవరకు కనిపించకపోవచ్చు. కనిపించిన మరుక్షణమే బ్రేకు వేసినా ఫలితం ఉండదు. ఇక్కడ చోదకుని నిర్లక్ష్యం లేకపోయినా, పాదచారి తొందరపాటు లేకపోయినా ప్రమాదం జరుగుతుంది.

వయసు కూడా చూపును ప్రభావితం చేస్తుంది. ఇరవై ఏళ్ల యువకునితో పోలిస్తే అరవై ఏళ్ల వ్యక్తి కంటిలోని రెటీనాకు చేరే కాంతి సుమారు మూడోవంతు మాత్రమే. పైగా ఎదురు వాహనం వెలుగు కళ్లలో పడితే కొన్ని క్షణాలపాటు ఏమీ కనిపించదు. అందుచేత రాత్రి భద్రతకు ఒకే మార్గం ఉన్నది: పాదచారి దాటే చోటును, దాటుతున్న మనిషిని ముందుగానే, దూరంనుండే కనిపించేటట్లు చేయాలి.

దాటుదారి కథ

ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1868 డిసెంబరులో లండన్ నగరంలోని పార్లమెంటు భవనం సమీపాన ఒక సంకేత స్తంభాన్ని నిలిపారు. రైల్వే ఇంజనీరు జె.పి. నైట్ దానిని రూపొందించాడు. పగటివేళ చేతులవంటి పలకలు, రాత్రివేళ ఎరుపు, ఆకుపచ్చ గ్యాసు దీపాలు వాహనాలను నియంత్రించేవి. కాని నెల తిరగకముందే, 1869 జనవరిలో, గ్యాసు లీకై దీపం పేలిపోయింది. దానిని నిర్వహిస్తున్న పోలీసు గాయపడ్డాడు. రాత్రివేళ పాదచారికి దారి చూపడానికి పెట్టిన దీపమే ప్రమాదానికి కారణం కావడంతో ఆ ప్రయత్నం అంతటితో ఆగిపోయింది.

1934లో బ్రిటన్ రవాణా మంత్రి లెస్లీ హోర్–బెలీషా కాలంలో దాటుదారుల వద్ద నలుపు, తెలుపు పట్టీలున్న స్తంభాలపై పసుపురంగు గోళాలను నిలిపారు. దూరంనుండి స్తంభం కనిపించినా, నేలపై దాటుదారి హద్దులు చోదకులకు సరిగా తెలిసేవి కావు. ఆ లోపాన్ని సవరించడానికి పలుచోట్ల ప్రయోగాలు చేసి, 1951లో నలుపు తెలుపు చారల దాటుదారిని ప్రవేశపెట్టారు. జీబ్రా శరీరంపై ఉండే చారలను పోలినందున దానికి ‘జీబ్రా క్రాసింగ్’ అనే పేరు స్థిరపడింది. తరువాత అది అనేక దేశాలకు వ్యాపించింది.

రంగు చేయగలిగినది, చేయలేనిది

రోడ్డుపై చారలు వేసే రంగులో సన్నని గాజుపూసలను కలుపుతారు. హెడ్‌లైటు కాంతి ఆ పూసలోనికి ప్రవేశించి, వంగి, పరావర్తనం చెంది, వచ్చిన దిక్కుకే తిరిగి వెళుతుంది. అందువల్ల చార చోదకుని కంటికి మెరుస్తూ కనిపిస్తుంది. ఈ ఉపాయం చవకైనది, ఉపయుక్తమైనది. అయితే రంగుకు స్వయంగా వెలుగు లేదు. వాహనం ఇచ్చిన వెలుగునే అది తిరిగి ఇస్తుంది. వాన కురిసినప్పుడు గాజుపూసలపై నీటిపొర ఏర్పడుతుంది. అప్పుడు కాంతి వెనుకకు రాకుండా అద్దంపై పడినట్లు ముందుకే జారిపోతుంది. చక్రాల రాపిడికి పూసలు ఊడిపోతాయి. దుమ్ము, బురద చారలను కప్పివేస్తాయి. చారలు మాసిపోయిన రోడ్డుపై రాత్రివేళ దాటుదారి ఉన్నట్టే తెలియదు.

అందుకే ‘చారకే వెలుగు ఇస్తే ఎలా ఉంటుంది?’ అనే ఆలోచన పుట్టింది. దీనిని రెండు పద్ధతులలో ఆచరణలో పెట్టారు. మొదటిది, దీపాలను రోడ్డులోనే పాతడం. 1990 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో దాటుదారి వెంబడి నేలలో మిణుకుమనే దీపాలను అమర్చి పరీక్షించారు. 2016లో నెదర్లాండ్స్ దేశంలోని ఏర్బేక్ అనే ఊరిలో లోపలినుండి వెలిగే పలకలతో జీబ్రా చారలను ఏర్పాటు చేశారు. 2017లో లండన్‌లో పాదచారుల రాకపోకలను గమనిస్తూ, అందుకు తగినట్లు గుర్తులను మార్చుకొనే ఎల్.ఇ.డి. దీపాల దాటుదారిని ప్రయోగాత్మకంగా ప్రదర్శించారు. 2018లో హైదరాబాదులోని కె.బి.ఆర్. ఉద్యానవనం కూడలిలో కూడా నేలపై ఎల్.ఇ.డి. పట్టీలను అమర్చి చూశారు.

వెలుగుతో గీసిన గీత

రెండవ పద్ధతి, పైనుండి వెలుగును ప్రసరింపజేసి నేలపై చారలు ఏర్పరచడం. సినిమా హాలులో వెనుకనుండి వచ్చిన కాంతి తెరపై బొమ్మను చూపినట్లే, ఇక్కడ స్తంభంపై ఉన్న దీపం రోడ్డుపై దాటుదారిని చూపుతుంది. శక్తిమంతమైన ఎల్.ఇ.డి. దీపం ముందు చారల ఆకారం చెక్కిన లోహపు రేకునుగాని గాజు పలకనుగాని ఉంచుతారు. ఆ ఆకారంగుండా వచ్చిన కాంతిని కటకం రోడ్డుపై స్పష్టంగా కేంద్రీకరిస్తుంది. స్తంభం రోడ్డు పక్కన ఉంటుంది గనుక కాంతి ఏటవాలుగా పడి, దగ్గరి చారలు ఇరుకుగా, దూరపు చారలు వెడల్పుగా సాగుతాయి. ఆ వంకరను ముందుగానే లెక్కగట్టి, పలకపై ఆకారాన్ని అందుకు విరుద్ధమైన వంకరతో చెక్కుతారు. అప్పుడు నేలపై పడిన చారలు సమంగా కనిపిస్తాయి. మనిషి కదలికను పసిగట్టే సెన్సరును జతపరిస్తే, ఎవరైనా దాటబోతున్నప్పుడే వెలుగు ప్రకాశవంతమవుతుంది. దీనివల్ల విద్యుత్తు ఆదా కావడమే కాదు, ‘ఇప్పుడు ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు’ అన్న వార్త చోదకునికి చేరుతుంది. ఎల్లప్పుడూ ఒకే తీరుగా వెలిగే దీపానికి కన్ను అలవాటుపడుతుంది. మార్పును మాత్రం వెంటనే గుర్తిస్తుంది.

వాహనమే చారలను గీయవచ్చునన్న ఊహ కూడా ఉన్నది. 2015లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ ప్రదర్శించిన ఒక నమూనా కారు, మనిషి ఎదురైనప్పుడు ఆగి, అతడు దాటడానికి వీలుగా లేజర్ కాంతితో రోడ్డుపై జీబ్రా చారలను ప్రసరింపజేసింది. ‘నేను నిన్ను చూశాను, నీవు దాటవచ్చు’ అని యంత్రం మనిషికి చెప్పే మాట అది.

పరిమితులు

ప్రతి ఉపాయానికీ హద్దులు ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల వరకు వెలుగునిస్తుంది. దాని ముందు ప్రసరించిన చారలు కనిపించవు. కనుక పగటివేళ రంగు చారలు ఉండి తీరాలి. నల్లని తారురోడ్డు తనపై పడిన కాంతిలో చాలాభాగాన్ని పీల్చుకొంటుంది. తడిసినప్పుడు ఆ కాంతి చెదరి పక్కలకు జారిపోతుంది. అందువల్ల వెలుగు చారలను ఖాళీ రోడ్డుపై కాక తెల్లని రంగు చారలపైనే పడేటట్లు చేయడం మేలు. వాన వచ్చినప్పుడు నేలలో పాతిన దీపాలు మెరుగుగా కనిపించవచ్చుగాని, బరువైన చక్రాలు, నీటి ఊట వాటిని పాడుచేస్తాయి. ప్రసారదీపపు కటకంపై దుమ్ము చేరితే చారలు మసకబారుతాయి. విద్యుత్తు పోతే దాటుదారి మాయమవుతుంది. దీపం కోణం తప్పితే వెలుగు చోదకుని కళ్లలోనే పడి, మేలుకు బదులు కీడు చేస్తుంది. 2014లో నెదర్లాండ్స్‌లోని ఓస్ పట్టణం వద్ద రాత్రివేళ స్వయంగా వెలిగే రంగుతో రోడ్డు గీతలు వేశారు. అవి ప్రపంచాన్ని ఆకర్షించినా, కొద్దివారాలలోనే వర్షాల తాకిడికి కళ తప్పాయి. ప్రయోగశాలలో మెరిసినదంతా రోడ్డుపై నిలవదని ఈ అనుభవం నేర్పింది.

అన్నింటికన్న ముఖ్యమైన పరిమితి మరొకటి ఉన్నది. చార కనిపించినంత మాత్రాన మనిషి కనిపించినట్లు కాదు. కింద చారలు ధగధగ మెరుస్తూ, వాటిపై నడిచే వ్యక్తి చీకటిలో ఉంటే చోదకుడు చారలనే చూస్తాడు. అందుచేత వెలుగు నిలువుగా ఉన్న మనిషి శరీరంపై పడాలి. అమెరికా రహదారుల శాఖ 2008లో వెలువరించిన సూచనలలో, దాటుదారి వద్ద నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున, అంటే మనిషి ఛాతీ ముఖాల స్థాయిలో, 20 లక్సుల వెలుగు ఉండాలని పేర్కొన్నారు. దీపస్తంభాన్ని సరిగ్గా దాటుదారిపైన కాక, వాహనం వచ్చే వైపున కొంచెం ముందుగా నిలపాలి. అప్పుడే చోదకునికి కనిపించే వైపు పాదచారి శరీరం వెలుగుతుంది. స్తంభం దాటుదారికి అవతల ఉంటే వెలుగు అతని వీపు వెనుక పడి, చోదకునికి నీడ మాత్రమే కనిపిస్తుంది. వెలుగు చారలు దారిని చూపాలి. దీపస్తంభం మనిషిని చూపాలి. ఈ రెండూ కలిసినప్పుడే ప్రయోజనం నెరవేరుతుంది.

వెలుగు తరువాత

పాదచారి కనిపించిన తరువాత చేయవలసినది మనిషే చేయాలి. మనదేశంలో 2017లో వెలువడిన మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనల ప్రకారం, సంకేత దీపాలు లేని దాటుదారిని సమీపించే చోదకుడు వేగం తగ్గించి, ఆగి, పాదచారులకు దారి ఇవ్వాలి. ఈ నియమం ఆచరణలోకి రానిచోట ఎంత గొప్ప దీపమైనా అలంకారంగానే మిగిలిపోతుంది. అంతేకాదు, మెరిసే చారలను నమ్మి అడుగువేసిన పాదచారికి అవి మరింత అపాయం తెచ్చిపెడతాయి. కాబట్టి పాదచారులు కూడా రాత్రివేళ లేతరంగు దుస్తులు ధరించడం, సెల్‌ఫోను చూస్తూ నడవకుండా ఉండడం, వాహనం ఆగినదని నిర్ధారించుకొన్న తరువాతనే దాటడం అలవరచుకోవాలి.

ఒక పట్టణంలోని అన్ని దాటుదారులకూ వెలుగు చారలను సమకూర్చడం ఖర్చుతో కూడిన పని. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రాత్రి సంతలు ఉన్నచోట, ప్రమాదాలు తరచుగా జరిగేచోట ముందుగా వీటిని నెలకొల్పడం వివేకం. మాసిన రంగును తిరిగి వేయడం, ఆరిపోయిన వీధిదీపాన్ని మార్చడం కూడా అంతే అవసరమైన పనులు. కొత్త సాధనం కోసం ఎదురుచూస్తూ ఉన్న సాధనాన్ని నిర్లక్ష్యం చేయరాదు.

నూటయాభై ఏళ్ల క్రితం లండన్‌లో వెలిగి ఆరిన గ్యాసు దీపం మొదలు నేటి వెలుగు చారల వరకు సాగిన ప్రయత్నమంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. చీకటిలో నడిచే మనిషి ఎదుటివారి కంటికి కనిపించాలి. కనిపించిన మనిషి కోసం బండి ఆగాలి. మొదటి పని విజ్ఞానశాస్త్రం చేయగలదు. రెండవ పని పౌరుల సంస్కారంపై ఆధారపడి ఉన్నది.

ప్రశ్నలు

1. రాత్రివేళ పాదచారికి, వాహన చోదకునికి మధ్య చూపులో ఉన్న తేడాను వివరించండి.
2. రంగు చారలు వాన కురిసే రాత్రి ఎందుకు కనిపించవు?
3. ప్రసారదీపంతో రోడ్డుపై చారలు ఏర్పడే విధానాన్ని తెలపండి.
4. ‘చార కనిపించినంత మాత్రాన మనిషి కనిపించినట్లు కాదు.’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
5. మీ కళాశాల సమీపంలోని దాటుదారి రాత్రివేళ ఎంత సురక్షితంగా ఉన్నదో పరిశీలించి ఒక పేజీకి మించకుండా రాయండి.