పసిఫిక్ యుద్ధం నుంచి గోదావరి గట్టుకు: ఒక మాత్ర కథ

1942లో జావా దీవి జపాన్ చేతికి చిక్కడంతో మిత్రరాజ్యాల సేనలకు క్వినైన్ కరువైంది. పసిఫిక్ దీవుల్లో తూటాలకన్నా మలేరియాకే ఎక్కువమంది సైనికులు మంచాన పడ్డారు. బదులుగా ఇచ్చిన అటాబ్రిన్ మాత్ర కటిక చేదు, పైగా ఒళ్లు పసుపురంగుకు తిరిగేది. మగతనం పోతుందన్న పుకారు ఒకటి. చాలామంది ఎగ్గొట్టేవారు. అధికారి ఎదుట నిలబడి మింగించడం మొదలెట్టాకే జ్వరాలు తగ్గాయి.

అదే కాలంలో సమోవా దీవుల్లోని అమెరికన్ సైనికులకు చేతులు, కాళ్లు, వృషణాలు వాచాయి. అది ఫైలేరియా, మన బోదకాలు జబ్బే. అక్కడి దోమ పగలు కుడుతుంది కాబట్టి దోమతెర అక్కరకు రాలేదు. వేలమందికి సోకింది. నమ్మదగిన మందు లేదు.

ఆ మందు న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో పుట్టింది. అక్కడి పరిశోధనల డైరెక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో పుట్టిన భీమవరం, రాజోలు వైపు నుంచి చూస్తే వశిష్ఠ గోదావరికి ఆవల. బోదకాలు అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదని నా నమ్మకం. ఎలుకల్లో ఉండే ఫైలేరియా పురుగుల మీద రసాయనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, 1947లో ఆ బృందం డైఈథైల్ కార్బమజైన్‌ను ప్రకటించింది. అప్పటికి యుద్ధం ముగిసింది. మరుసటి ఏడాదే సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఈ మందు తీరు విచిత్రం. ఒంటి బయట పురుగు పిల్లల్ని ఇది పెద్దగా ఏమీ చేయదు. ఒంట్లో మాత్రం మన రక్షణ కణాలకు వాటిని పట్టిస్తుంది. అందుకే పురుగున్నవారికి మాత్ర వేసుకున్నాక జ్వరం, తలనొప్పి రావచ్చు. అది మందు పనిచేస్తున్న గుర్తు. పెద్ద పురుగులు అన్నీ చావవు, ఏళ్లపాటు బతుకుతాయి. కాబట్టే ఏటా మింగాలి.

కోనసీమలో మురుగునీట పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది. పురుగు పిల్లలూ రాత్రే రక్తంలోకి వస్తాయి, అందుకే రక్తపరీక్షలు రాత్రిపూట చేస్తారు. 2004 నుంచి దేశంలోని ఫైలేరియా జిల్లాల్లో ఏటా ఈ మాత్రలు ఇంటింటికీ పంచుతూ వచ్చారు. "నాకు వాపు లేదుగా" అని తీసుకుని గూట్లో పెట్టేసినవారు ఎందరో! వాపు ముదిరాక ఈ మాత్ర దాన్ని తగ్గించలేదు. వాపు రాకముందే వేసుకోవాలి.

గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర జబ్బుతో ఉన్నవారు తప్ప, మీ వీధికి మాత్రలు వచ్చిన రోజున అన్నం తిని, ఆశా కార్యకర్త ఎదుటే మింగండి.