ఇల్లాలు నడుపుకొనదగిన చిన్నకారు

వానకై ఆకాశము వంక చూచుచు వేరుసెనగ పండించుకొను సీమ మనది. అట్టి సీమలో, పెనుకొండకు సమీపమున, జాతీయ రహదారి ప్రక్కనున్న ఎర్రమంచి గ్రామము పేరు నేడు దూరదేశములందును వినబడుచున్నది. దక్షిణ కొరియా దేశపు కియా కంపెనీవారు 2017వ సంవత్సరము ఏప్రిల్ నెలలో రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, సుమారు 536 ఎకరముల మేర ఇచ్చట కార్ల కర్మాగారమును కట్టించిరి. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయలువెడలినది. ఆ యేటనే డిసెంబరు 5వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. సంవత్సరమునకు మూడు లక్షల కార్లను తయారుచేయగల శక్తితో దీనిని నిర్మించిరి.

కారు మన గడప దగ్గరకు వచ్చిన మాట నిజమే. కాని మన చేతికి వచ్చినదా? ఈ ప్రశ్నను ప్రతి సోదరియు తన్ను తాను వేసికొనవలసియున్నది. ఇంటికి కారు కొనదలచినప్పుడు మగవారు ఇంజనును గూర్చియు, పెద్దలు ముహూర్తమును గూర్చియు, పిల్లలు పాటల పెట్టెను గూర్చియు మాటలాడుదురు. ఇల్లాలిని రంగు మాత్రము అడుగుదురు. తుదకు పదిమంది మెచ్చునట్టి పెద్ద కారు వాకిట నిలుచును. దాని పొడవును చూచి, ఎత్తును చూచి, ఇల్లాలు నడుపుటకు జంకును. పిల్లవానికి జ్వరము వచ్చిన దినమున భర్త ఇంట లేనిచో, లక్షల ఖరీదు గల కారు వాకిట నుండగనే ఆమె ఆటో కొరకు వీధి చివర నిలువవలసివచ్చును. ఇంతకన్న వ్యర్థమైన వ్యయము మరి యేమున్నది?

కావున దినదినము వాడుకొను కారును ఎన్నుకొనునప్పుడు మొదట తేల్చుకొనవలసినది దాని వెలయు గాదు, వన్నెయు గాదు. దానిని నడుపువారెవరు, ఏ దారిని నడుపుదురు అనునది.

హ్యాచ్‌బ్యాక్ అనగా నేమి?

వెనుక పెట్టెవలె పొడుచుకొనివచ్చు భాగము లేక, వెనుక అద్దముతో సహా పైకి లేచు తలుపు గల పొట్టి కారును హ్యాచ్‌బ్యాక్ అందురు. వెనుక సీటును మడిచినచో లోపలి భాగమంతయు సామానుల గదివలె అమరును. 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన వెలువడిన మారుతి 800 ఇట్టిదే. 796 సి.సి. ఇంజను గల ఆ చిన్నబండి ముప్పది యేండ్లు మధ్యతరగతి కుటుంబములకు సేవచేసి, 2014 జనవరిలో తయారీ నుండి విరమించుకొన్నది. మన యిండ్లలో ఎందరో స్త్రీలు మొదట స్టీరింగు పట్టినది దాని యందే.

తరువాత కాలము మారినది. 2023-24 నాటికి దేశమున అమ్ముడుపోయిన ప్రయాణికుల వాహనములలో సగమునకు మించి ఎత్తైన పెద్ద బండ్లే. ఎర్రమంచిలో తయారగువానిలో హ్యాచ్‌బ్యాక్ ఒకటియు లేదు. 2020 సెప్టెంబరులో వచ్చిన సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లే యైనను, అదియు ఎత్తైన బండియే. హ్యుందాయ్ వారి ఐ20, గ్రాండ్ ఐ10 నియోస్ కార్లు చెన్నపట్టణము చెంతనున్న శ్రీపెరుంబుదూరు నుండియు, టాటా వారి టియాగో గుజరాతులోని సాణంద్ నుండియు మనకు వచ్చుచున్నవి. మన ఊరి పంటనే వండుకొనవలెనను నియమము వంటకు మేలే గాని, కారు విషయమున మన అవసరమే ప్రమాణము.

చిన్నకారునకు పన్నులోను మేలు కలదు. నాలుగు మీటర్లకు మించని పొడవుతో, పెట్రోలు ఇంజను 1,200 సి.సి.కి గాని, డీజిలు ఇంజను 1,500 సి.సి.కి గాని మించని కార్లపై 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి వస్తుసేవల పన్ను నూటికి 18 వంతులకు తగ్గినది. అంతకుముందు పన్నును, దానిపై సుంకమును కలిపి నూటికి 29 మొదలు 31 వరకు పడుచుండెను. ఈ హద్దును దాటిన పెట్రోలు, డీజిలు కార్లపై నూటికి 40.

దూరప్రయాణమునకు తొలుత బయలుదేరినది ఇల్లాలే

మోటారుబండి పురుషుల సొత్తని తలచువారు ఒక చరిత్రను వినవలెను. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను నతడు మూడుచక్రముల మోటారుబండిని కనిపెట్టెను గాని, దానిని కొనువారు అరుదైరి. 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా, భర్తకు ముందుగా తెలుపకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మన్హైము పట్టణము నుండి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి ఆ బండిలో బయలుదేరెను. దూరము సుమారు నూరు కిలోమీటర్లు. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో దానిని శుభ్రము చేసెను. దారిలో ఇంధనము తక్కువ కాగా మందుల దుకాణములో కొనెను. బ్రేకు అరిగిపోగా చర్మకారునిచే తోలు వేయించెను. మెట్ట యెక్కుటకు మరియొక గేరు కావలెనని తిరిగివచ్చి భర్తకు చెప్పెను. ప్రపంచమున మోటారుబండిలో జరిగిన మొదటి దూరప్రయాణముగా దీనినే చెప్పుదురు. యంత్రమును చేసినవానికి కానరాని లోపము, దానితో పనిబడిన యింటి స్త్రీకి కానవచ్చినది.

మొదట మన దినచర్యను లెక్కించుకొనవలెను

ఒక కాగితముపై ఒక వారము ప్రయాణములను వ్రాసికొనుడు. పిల్లల బడి, సంత, ఆసుపత్రి, బ్యాంకు, ఉద్యోగము గలవారికి ఆఫీసు. సోమందేపల్లి నుండి హిందూపురమునకు, పల్లెనుండి ధర్మవరమునకు రాకపోకలు. ఏడాదికొకసారి తిరుపతికి పోవు ఎనమండుగురిని దృష్టియందుంచుకొని కారు కొనినచో, తక్కిన 360 దినములును ఖాళీ సీట్లను మోయవలెను. ఆ యొక్క ప్రయాణమునకు పెద్దబండిని అద్దెకు తీసికొనుట చవుక.

దినమునకు 30 కిలోమీటర్ల వంతున నెలకు 26 దినములు తిరిగినచో 780 కిలోమీటర్లగును. లీటరునకు 20 కిలోమీటర్లు నడచు కారునకు 39 లీటర్లు చాలును. 14 మాత్రమే నడచుదానికి 56 లీటర్లు కావలెను. నెలకు 17 లీటర్ల భేదము. లీటరు 110 రూపాయల లెక్కను ఇది 1,870 రూపాయలు. ఇల్లు నడుపు స్త్రీకి ఈ మొత్తము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. కంపెనీవారు ప్రకటించు మైలేజి ప్రయోగశాలలో తేలినది గాన, ఊరి వీధులలో అంతకు తగ్గునని యెరిగియుండవలెను.

కూర్చుండి చూడవలెను

కారును బయటనుండి చూచి మురియుట కాదు. నడుపువారి స్థానమున కాలుగంటసేపు కూర్చుండవలెను. మన స్త్రీలలో పొట్టివారు అనేకులు. సీటు ఎత్తును సవరించు మీట ఉన్నదా? ముందున్న రోడ్డు స్టీరింగునకు పైగా స్పష్టముగా కానవచ్చుచున్నదా? క్లచ్చిని చివరకంట త్రొక్కినప్పుడు నడుము సీటును విడచి ముందుకు జరుగుచున్నదా? రొమ్మునకును స్టీరింగునకును నడుమ పది అంగుళముల యెడము ఉండవలెను. ఏలన, గాలిసంచి విచ్చుకొనుటకు చోటు కావలెను. ఈ యెడము పాటించుచు పెడళ్లు అందనిచో, ఎంత మంచి కారైనను అది మీ కారు కాదు.

చీర కట్టినవారు కొంగును నడుమున దోపుకొని, గేరుకడ్డీకి గాని, చేతిబ్రేకునకు గాని చిక్కుకొనకుండ చూచుకొనవలెను. వదులు చెప్పులతో పెడళ్లు త్రొక్కరాదు. మడమకు పట్టీగల చెప్పులు మేలు.

హాయియు ఉపయోగమును ఒక్కటే

కారు నడుపుటలో ఆనందము కోరుట స్త్రీకి తగునా యని కొందరు శంకింతురు. పాట పాడుకొనుచు రోలు రుబ్బినచో పిండి చెడునా? చిన్నకారును హాయిగా నడుపనిచ్చు గుణమే దానిని పనికివచ్చునట్లు చేయుచున్నది. ఆ గుణము తేలిక. స్విఫ్ట్ కారు బరువు ఇంచుమించు 900 కిలోలు. అందుచే చిన్న ఇంజనైనను చురుకుగా లాగును, మలుపులలో చెప్పినట్లు వినును, పెట్రోలు తక్కువ త్రాగును. దాని మలుపు వ్యాసార్ధము 4.8 మీటర్లు, అనగా పది మీటర్ల వెడల్పు గల చోట ఒక్క పట్టున వెనుకకు తిరుగవచ్చును. పెద్దబండ్లకు ఈ కొలత ఐదు మీటర్లను మించును. హిందూపురపు సంతవీధిలో చింతపండు బస్తాల నడుమ బండిని త్రిప్పుకొనవలసిన నాడు ఈ చిన్న భేదమే పెద్దదగును. తెల్లవారుజామున లేపాక్షి దారిని పోవునప్పుడు అదే తేలిక ఉల్లాసమగును.

క్లచ్చి త్రొక్కుట శ్రమయనువారికి ఏ.ఎం.టి. అను తానే గేరు మార్చుకొను ఏర్పాటు కలదు. వెల ఇంచుమించు 50,000 రూపాయలు అధికము. గేరు మారునప్పుడు కొలది కుదుపు తెలియును. మెట్టపై నిలిచినప్పుడు వెనుకకు జారకుండ ఆపు ఏర్పాటు అందున్నదో లేదో అడుగవలెను.

ప్రాణరక్షణ విషయమున బేరము వలదు

తేలిక మేలే గాని, బలహీనత మేలు కాదు. బెంగుళూరు, హైదరాబాదు నగరముల నడుమ పోవు 44వ నెంబరు రహదారిపై లారీల ప్రక్కన మన పిల్లలతో పోవలసియున్నది. కార్లను గ్రుద్దించి పరీక్షించి నక్షత్రములిచ్చు భారత్ ఎన్‌క్యాప్ పద్ధతి మన దేశమున 2023 అక్టోబరు 1వ తేదీన మొదలైనది. అందు పెద్దలకును పిల్లలకును వేర్వేరుగ నక్షత్రములు కలవు; తల్లులు రెండింటిని చూడవలెను. పరీక్ష జరిగిన సంవత్సరమును గూడ అడుగవలెను. ఏలన, గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి పరీక్ష 2022లో కఠినతరమైనది. అంతకు ముందటి నక్షత్రములును తరువాతివియు సమానములు గావు.

గాలిసంచులు ఆరు ఉన్నను బెల్టు పెట్టుకొననివారికి అవి రక్ష గావు. పసిబిడ్డను ముందు సీటులో ఒడినుంచుకొని కూర్చుండుట ప్రేమ కాదు, ప్రమాదము. వెనుక సీటున ఐసోఫిక్స్ కొక్కెములకు బిగించు పిల్లల ఆసనమే బిడ్డకు తగిన చోటు.

ఏ యింటికి ఏ కారు?

ముసలి అత్తమామలను తరచు తీసికొనిపోవు వారికి వ్యాగన్ ఆర్ అనుకూలము. దాని పైకప్పు ఎత్తు. వంగక లోపల కూర్చుండవచ్చును. వెనుక సామానులకు 341 లీటర్ల చోటు కలదు. ఆల్ట్రోజ్ తలుపులు తొంబది డిగ్రీలు తెరచుకొనుటచే మోకాళ్ల నొప్పులవారికి సులభము. 345 లీటర్ల చోటుండుటయే గాక, 2020 నాటి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రములు పొందినది. ధర తగ్గవలెననువారికి టియాగో కలదు. 2020లో నాలుగు నక్షత్రములు పొందినది గాని, సామానుల చోటు 242 లీటర్లే. ధర్మవరము చీరల మూటలు వేసికొని వర్తకము చేసికొను సోదరీమణులకు 318 లీటర్ల బలేనో గాని, 311 లీటర్ల ఐ20 గాని తగును. ఎక్కువగా తానొక్కతెయే తిరుగుచు నడపుటలో ఉత్సాహము కోరు స్త్రీకి 265 లీటర్ల స్విఫ్ట్ మంచి చెలికత్తె.

సి.ఎన్.జి. కారునకు ఇంధన వ్యయము తక్కువ. కాని సిలిండరు సామానుల చోటును కొంత మ్రింగును. మీరు పోవు దారిలో ఆ గ్యాసు దొరకు బంకు ఉన్నప్పుడే దానిని తలపెట్టవలెను.

పల్లెదారులకు నేలనుండి బండి యడుగునకు గల యెత్తు ముఖ్యము. స్విఫ్టునకు ఇది 163 మిల్లీమీటర్లు, బలేనోకు 170. ఐదుగురు కూర్చున్నచో మరికొంత దిగును గాన, రోడ్డుదిమ్మెల వద్ద ఏటవాలుగా, మెల్లగా దాటింపవలెను. మన సీమ ఎండలలో తెలుపు వంటి లేతరంగులు తక్కువ వేడెక్కును. కావున రంగును గూర్చి అడిగినప్పుడు సయితము ఇల్లాలు బుద్ధితో బదులు చెప్పవచ్చును. టైర్ల గాలిని ఉదయము, బండి కదలకమునుపే కొలిపించవలెను.

కొనుటకు ముందు

దుకాణమువారు చూపు విశాలమైన రోడ్డుమీద గాక, మీ యింటి సందులో నడిపి చూచెదనని అడుగుడు. అత్తగారిని వెనుక కూర్చుండబెట్టుడు. కూరల సంచులు పెట్టి చూడుడు. చీకటిపడిన తరువాత దీపముల వెలుగు చూడుడు. సర్వీసు చేయు చోటు హిందూపురమున నున్నదా, అనంతపురమునకు పోవలెనా విచారింపుడు. భీమా, రిజిస్ట్రేషను కలిపి మొత్తము వెల వ్రాయించుకొనుడు.

అన్నిటికన్న ముందు లైసెన్సు సంపాదింపుడు. 18 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీయు అభ్యాసపు లైసెన్సు పొందవచ్చును. అది ఆరు నెలలు చెల్లును. ముప్పది దినములైన తరువాత పరీక్షకు పోవచ్చును. కారు కొన్న పిదప నేర్చుకొందమనువారిలో చాలమంది నేర్చుకొనరు. నేర్చుకొన్న పిదప కొనువారు, తమకేది కావలెనో తెలిసి కొందురు.

సోదరీమణులారా! కారు గొప్పతనమునకు గుర్తు కాదు. వేళకు బడికి, వేళకు వైద్యునికడకు, మనసైనప్పుడు పుట్టింటికి ఒకరికై ఎదురుచూడక పోగల స్వేచ్ఛయే దాని ఫలము. ఆ ఫలము పెద్దబండిలోనే యున్నదని భ్రమపడక, మీ కాళ్లకు పెడళ్లందునట్టి, మీ వీధిలో మలుపు తిరుగునట్టి, మీ బిడ్డలకు రక్షనిచ్చునట్టి చిన్నకారును కోరుడు. దాని తాళపుచెవులలో నొకటి మీ కొంగుముడిని ఉండునట్లు చూచుకొనుడు.